మళ్ళీ చెప్పమనే మామగారు

ఇంజనీరు మామగారికి ఏ మాటా ఒక్కసారికి వినపడదు. "వాన పడుతోంది" అన్నా, "ఇల్లు తగలబడుతోంది" అన్నా, అరచెయ్యి చెవికి దొప్పలా పెట్టి, "ఏమన్నావూ? మళ్ళీ చెప్పు" అంటారు.

ఆయన కనిపెట్టిందేమో చెవి లోపల అమర్చే వినికిడి యంత్రం. దాన్ని అమ్మిపెట్టాల్సిందేమో సొంత అల్లుడు. ఇక ఆ అల్లుడి అవస్థ ఏమని చెప్పాలి!

బీరువా అంత యంత్రాన్ని ఏళ్ళ తరబడి కుదించి, లోపల సన్నటి తీగగా, చెవి వెనక బిళ్ళగా చేశారు మామగారు. తయారీకి ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది.

"ఇది ఎవరికి పనికొస్తుందండీ?" అన్నాడు కంపెనీ పెద్దాయన.

"ఏమన్నారూ?"

పెద్దాయన గొంతు పెంచాడు.

"ఆఁ?"

పెద్దాయన మెడనరాలు ఉబ్బాయి. పక్కవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గారు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"మామయ్యగారూ, ముందు మీరొకటి పెట్టించుకోండి!" అన్నాడు బయటికొచ్చాక.

"ఏమన్నావూ?"

ఆ యంత్రం కోసం మొట్టమొదట ఆపరేషన్ చేయించుకున్న దర్జీ ఆవిడకి దాన్ని ఆన్ చేసే రోజొచ్చింది. అది పనిచేస్తేనే ఒప్పందం. పెద్దాయన స్వయంగా వచ్చి కూర్చున్నాడు. స్విచ్ వెయ్యగానే ఆవిడ ఉలిక్కిపడింది.

"రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడిస్తున్నట్టుందండీ!"

"నా మాటలు తెలుస్తున్నాయా?" అన్నాడు అల్లుడు.

"ఏంటండీ?"

అల్లుడు మళ్ళీ అడిగాడు.

"ఆఁ?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" అని విసుక్కున్నాడు.

మొహం చూస్తే విసుగు తెలియదూ? ఆవిడ తల దించుకుని, "తెలిసిందండీ" అంది. తెలియలేదని గదిలో అందరికీ తెలుసు.

మామగారు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నారు.

"ఏమన్నావోయ్? నాకూ అర్థం కాలేదు. మెల్లగా చెప్పు."

అల్లుడు పళ్ళు బిగించి చెప్పాడు.

"ఆఁ? ఇంకోసారి" అన్నారు మామగారు, అరచెయ్యి చెవికి దొప్పలా పెట్టి.

ఆవిడ తలెత్తింది. "నాక్కూడా ఇంకోసారండీ!"

అలా నలుగుతూ నలుగుతూ ఆ గులకరాళ్ళు మాటలయ్యాయి. ఆవిడ మొహం విప్పారింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

"పరువు మాత్రం తీసేశాడు ముసలాయన" అని నోట్లోనే గొణుక్కున్నాడు అల్లుడు.

"ముసలాయనకి చెవులు బాగానే ఉన్నాయోయ్" అన్నారు మామగారు, వెనక్కి తిరక్కుండానే. "మా అమ్మకి వినపడేది కాదు. మళ్ళీ అడగడానికి సిగ్గుపడి, నవ్వేసి ఊరుకునేది. ఆవిడ కోసం నేను అడిగేవాణ్ణి. అలా అలవాటైపోయింది."

అల్లుడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఈయన్ని ఎంత వెక్కిరించాడు! ఇందాక ఈవిడ మీద ఎలా విసుక్కున్నాడు! చెవులు ఎర్రబడగా, ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆవిడేదో అంది. స్పష్టంగానే వినపడింది.

"ఏమన్నారమ్మా? మళ్ళీ చెప్పండి."

ఆవిడ జాలిగా చూసింది.

"అయ్యో, మీకూనా? భయపడకండి బాబూ, ఆపరేషన్ అంత నొప్పేమీ ఉండదు!"