పెరుగన్నం మీద పెరిగిన డేను

మా మామ కుక్కను ఎంచుకున్న తీరు కందిపప్పును ఎంచుకున్నట్టే ఉండింది. ఆత్మకూరు వైపు నుంచి మా అంగడికి కందులు తోలే రైతు ఒకాయన, తన తోటలో గ్రేట్ డేను జాతి కుక్క ఈనిందని, కావాలంటే ఒక పిల్లను ఇస్తానని అన్నాడు. మామ ఆయన వెంట పోయి పిల్లలను ఒక్కొక్కటిగా రెండు చేతుల్లోకి ఎత్తి బరువు చూశాడు. వెలుతురులోకి తిప్పి రంగు చూశాడు. ఈ జాతిలో పులిలాగా చారలున్నవి, నిగనిగలాడే నల్లవి, మబ్బురంగువి, తెల్లటి ఒంటిమీద సిరా చిలికినట్టు నల్లమచ్చలున్నవి కూడా పుడతాయని, మచ్చలవాటికి గిరాకీ ఎక్కువని ఆ రైతు చెప్పాడట. మామ మాత్రం మూతి నల్లగా, ఒళ్ళంతా గోధుమరంగుగా ఉన్నదాన్ని తెచ్చాడు. కారణం అడిగితే, మాసినా కనపడదని చెప్పాడు.

మాది డోన్‌లో పప్పులు, నూనెల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, దాని వెనక పెరడు. ఆ ఏడాది ఎవరో పెరటిగోడ దూకి నూనె డబ్బాలు ఎత్తుకుపోయారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న రోజులు. మా ఇంటాయన కడపలో కొత్తగా పెట్టిన అంగడి చూసుకుంటూ వారానికొకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో మామ, అత్త, నేను. ఇంటికి ఒక కాపలా ఉండాలని మామ అనుకున్నాడు. అందుకని డేను వచ్చింది.

నా పుట్టిల్లు ఆలూరు పక్కన పల్లె. నేను బడికి పోలేదు. మా తాత పళ్ళెంలో ఇసుక పోసి నా వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించాడు. పొద్దున్నే పారాయణం చేసుకోవటానికి సరిపోయే చదువు అది. అంతకు మించి నాకు ఎన్నడూ పని పడలేదు. ఆయన పెట్టిన భిక్ష అని రోజూ తలుచుకుంటాను. అత్తారింట్లో నా పారాయణం కూర్చొని వినేవాళ్ళు ఎవరూ లేరు. మామకు అంగడి, అత్తకు మడి. డేను వచ్చాక అది వినేది. మొదలుపెట్టగానే నా మోకాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయేది, హారతి గంటకు లేచేది. గంట తరువాత ప్రసాదం వస్తుందని దానికి తెలుసు. భక్తి ఎట్లా మొదలైతేనేం అని నేను అనుకున్నాను.

మా ఇంట్లో మాంసం సంగతి అటుంచితే, కోడిగుడ్డు అన్న మాట కూడా పైకి అనరు. అవసరమైతే మా అత్త ‘తెల్లది’ అనేది. ఇంట్లో మనుషులు ఏం తింటే కుక్కా అదే తినాలి కదా అని ఎవరూ చర్చించుకోలేదు. వేరే సంగతి ఎవరికీ తోచలేదు. పెరుగన్నం, పప్పన్నం, కొర్రన్నం, పాలు. మీద గరిటెడు నెయ్యి. మా అత్త శనివారం ఒంటిపూట ఉండేది, కుక్కను కూడా ఉంచేది. మన ఇంట్లో పుట్టబోయి ఆత్మకూరులో పుట్టిందని, ఈ జన్మలో దానికి కాస్త పుణ్యం రావాలని ఆమె ఉద్దేశం. మడి పోతుందని దాన్ని చేత్తో ముట్టుకునేది కాదు. పళ్ళెం మాత్రం తానే కలిపి, కొంచెం ఎత్తు నుంచి జారవిడిచేది.

అది పెరిగిన వేగం చూస్తే భయమేసేది. పడుకున్నప్పుడు ఉన్న కొలత లేచేసరికి ఉండేది కాదు. దాని గుణం మాత్రం మేము అనుకున్నట్టు రాలేదు. మొరగదు. పరుగెత్తి మీదపడదు. ఈ జాతికి మనిషి పక్కన లేకపోతే పొద్దుపోదు. ఎవరు నిలబడితే వాళ్ళ పక్కకు వచ్చి, బరువంతా వేసి ఒరిగిపోయేది. అంగడికి వచ్చినవాళ్ళు కిలో శనగపప్పు అడిగి, అది పొట్లం కట్టేలోపల పక్కకు జరిగి జరిగి మెట్టు దిగిపోయేవాళ్ళు. దొంగ వస్తే దొంగకూ ఆనుకుంటుందేమోనని మామకు దిగులు పట్టింది. నాకు ఏ దిగులూ లేదు. గోడకు గోడ ఆనుకున్నట్టు ఒక ప్రాణి మనకు ఆనుకొని నిలబడితే ఎట్లుంటుందో, కొత్తగా ఆ ఇంటికి వచ్చిన నాకు బాగా తెలిసింది.

తరువాత దాని ముందుకాళ్ళు వంకర పోవటం మొదలైంది. మొదట మణికట్ల దగ్గర వాపు. తరువాత పాదాలు బయటికి తిరిగాయి. మా ఇంట్లో అన్ని గదుల్లోనూ బేతంచెర్ల బండలు, అద్దాల్లాగా నున్నగా ఉంటాయి. వాటి మీద లేవబోయి జారిపడేది. ఒక పొద్దున పారాయణానికి నా దగ్గరికి రావాలని వాకిలి దగ్గర నుంచి ప్రయత్నించి, లేవలేక, అక్కడే గడ్డం బండకు ఆనించి వింది. హారతి గంటకు కూడా లేవలేదు.

మామా నేనూ దాన్ని తోపుడుబండి మీద వేసుకొని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు కాళ్ళు పట్టి చూశాడు, పక్కటెముకలు తడిమి చూశాడు.

"ఏం పెడతాండారప్పా దీనికి?"

మామ పెరుగన్నం దగ్గర నుంచి నెయ్యి దాకా వరసగా చెప్పాడు. మంచి ఇల్లని తెలియటానికి, శనివారం ఒంటిపూట సంగతి కూడా చెప్పాడు. డాక్టరు రాయటం ఆపాడు.

"ఇది కుక్కప్పా. మీ ఇంటి అల్లుడు కాదు."

ఆయన కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకొని అన్నీ చెప్పాడు. ఈ జాతికి ఒళ్ళు ముందు పెరుగుతుందట, ఎముక వెనక గట్టిపడుతుందట. నెయ్యితో వచ్చిన బరువును ఆ లేత ఎముకలు మోయలేకపోతున్నాయి. దానికి తోడు నున్నటి బండలు. కింద గోనెసంచులు పరచాలి, లేకపోతే మోచేతులు కూడా కాయలు కాసి పుండ్లు పడతాయి. ఒకేసారి కడుపునిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా పెట్టాలి. తిన్న వెంటనే తిప్పకూడదు, ఇంత పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడి ప్రాణం పోతుంది. ఎండాకాలం తడిసంచి మీద పడుకోబెట్టాలి. ఇవన్నీ మేము తలూపుతూ విన్నాము. చివరకు, రోజూ ఉడికించిన గుడ్లు, మాంసం పెట్టాలని, అవి లేకుండా తాను రాసిన మందు ఏమీ చేయలేదని చెప్పాడు. అక్కడ మా తలలు ఆగిపోయాయి.

ఇల్లు చేరాక మామ ఆత్మకూరు రైతుకు ఫోను చేశాడు. కుంటిదా, సరే తోలకరాండి, ఏదో ఒకటి చేద్దామని ఆయన అన్నాడట. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటో మాకు ముగ్గురికీ అర్థమైంది. మా అత్త ఇంట్లోకి తెల్లది రాదని మాత్రం ఒకసారి చెప్పింది.

పక్కింటి ముస్లిం ఆమెకూ మాకూ పెరటిగోడ ఒకటే. మా అత్తకంటే కొంచెం చిన్నది. ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి ఏండ్ల తరబడి మాట్లాడుకున్నారు గాని, ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగి ఎరుగరు. సంగతంతా విని ఆమె చెప్పిన ఉపాయం చాలా సులభం. గుడ్డు మా ఇంటికి రావద్దు, కుక్కే వాళ్ళింటికి రానీ అంది.

"పంపియక్కా. మా ఇంట్లో వండింది దానికీ ఇంత పెడితే నాదేం పోతాది?"

అట్లా రోజూ దాన్ని ఆమె ఇంటికి పంపటం మొదలైంది. మొదట్లో తోపుడుబండి మీద, తరువాత కడుపు కింద గుడ్డ వేసి పైకి పట్టుకొని నడిపిస్తూ. తిరిగి వచ్చేటప్పుడు మా అత్త పెట్టిన నియమం ఒకటుంది. పెరటివాకిలి బయటే దాని మూతి పసుపునీళ్ళతో కడిగి, నాలుగు పాదాలూ తడిపి, తరువాతే లోపలికి రానివ్వాలి. డేను ఆ పద్ధతిని నా కంటే త్వరగా నేర్చుకుంది. గడప బయట ఆగి, ఒక్కొక్క కాలే ఎత్తి ఇచ్చేది. ఆలస్యమైతే అట్లాగే ఎత్తి పట్టుకొని నిలబడేది. మా ఇంట్లో మడి అంత పట్టింపుగా పాటించింది అత్త తరువాత అదే.

ఆ పక్కింటి తల్లి చేతి చలువ, కాళ్ళలో బలం వచ్చింది. కొంచెం వంకర మిగిలినా నిలబడింది, నడిచింది. నేను నా దేవుడికి, ఆమె దేవుడికి, డాక్టరుకు కూడా దండం పెట్టుకున్నాను.

మేము ఎవరమూ ఆలోచించని సంగతి ఇంకొకటుంది. కాపలా కుక్క అన్నం పెట్టిన గడపను కాస్తుంది. మామ కుక్కను తెచ్చింది మా పెరడు కాయటానికి. తిండి కోసం దాన్ని రోజూ ఇంకొకరి ఇంటికి మేమే పంపాము. కాళ్ళు బాగుపడ్డాక అది తనంతట తానే పొయ్యేది, పిలిచినా ఆలస్యంగా వచ్చేది, చివరకు రావటం మానేసి పక్కింటి గడపకు అడ్డంగా పడుకుంది. అంతవరకూ మొరగటం తెలియదనుకున్న కుక్క, అక్కడ పాలవాణ్ణి చూసి మొరిగింది. ఆ గొంతు విని మా అంగడిలో ఒకాయన చేతిలో పొట్లం జారవిడిచాడు.

మామ పట్టుకొద్దామని పోయాడు. పక్కింటి మెట్టు మీద కాలు పెట్టబోతే డేను లేచి ఎదురుగా నిలబడింది. కరవలేదు, పళ్ళు చూపలేదు. మామ ఎడమకు జరిగితే ఎడమకు, కుడికి జరిగితే కుడికి జరిగింది. బజారంతా చూస్తోంది. లోపలి నుంచి ఆమె కొంగు సర్దుకుంటూ వచ్చింది.

"ఎవురి కుక్కమ్మా ఇది?" అని మామ అడిగాడు.

"మీదేనన్నా. తిండే మాది."

మామ తిరిగివచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి, దాన్ని ఆమెకే ఇచ్చేసినట్టు అనుకుందామని, తాను ఇంకొకదాన్ని, ఈసారి చిన్న జాతిది చూస్తానని చెప్పాడు. మా అత్త వింది. నేనూ విన్నాను.

దేవుణ్ణి నేను ఏదీ అడగను. ఇచ్చినదానికి దండం పెట్టుకోవటమే మా తాత నేర్పింది. ఆ వారం అడిగాను. పారాయణం మధ్యలో చోటు కాని చోట ఆగి, ఆ కుక్క నాకు కావాలని అడిగాను. గొంతు పైకి వచ్చిందేమో తెలియదు. అత్త వంటింట్లోనే ఉంది.

మరుసటి పొద్దున స్నానానికి ముందు అత్త అటక మీది నుంచి పాత మట్టికుండ దింపింది. నన్ను పెరటి చివరకు పిలిచి, ఇంటి చూరు నీళ్ళు పడే హద్దు దాటాక మూడు రాళ్ళు పెట్టమంది. నేను పొయ్యి వెలిగిస్తుంటే గోడ దగ్గరికి పోయింది.

"ఏమ్మీ, ఒక తెల్లది ఇయ్యి."

పక్కింటామె లోపలికి పోయి, విస్తరాకులో పెట్టి గోడ మీదుగా అందించింది. అత్త దాన్ని ఆకుతో సహా పట్టుకొని, పసిబిడ్డను మోసినట్టు పొయ్యి దాకా తెచ్చింది. అక్కడ మాకు ఇద్దరికీ చేతులు ఆడలేదు. పగలగొట్టి వేయాలా, అట్లాగే వేయాలా, మాకు తెలియదు.

"కడగల్లా దీన్ని?" అని అత్త గోడ వైపు చూసి అడిగింది.

"కడుగక్కా. నీళ్ళల్లో అట్లే యెయ్యి."

"ఉడికినట్టు ఎట్ల తెలుస్తాది? అన్నమయితే మెతుకు పట్టి చూస్తాం."

"పట్టి చూడొద్దు, కాలుతాది. నేను చెప్తా గదా."

ఆమె గోడకు ఆనుకొని నిలబడి చూస్తూ ఉంది. అత్త కుండలోకి తొంగిచూస్తూ కూర్చుంది. ఆ నీళ్ళు మరిగినంతసేపూ అత్త పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ నామమో నేను అడగలేదు. చాలని గోడ మీది నుంచి మాట వచ్చాక దించి, చల్లార్చి, రెండు వేళ్ళతో పెంకు ఒలిచింది. పెంకు ముక్కలన్నీ ఏరి ఆకులో పెట్టింది.

వాసనకో, మాటలకో, డేను పక్కింటి నుంచి సందు చుట్టి మా పెరట్లోకి వచ్చింది. అత్తకు ఎదురుగా ఆగింది. పళ్ళెం తెమ్మని అంటుందని నేను లేవబోయాను. అత్త అరచెయ్యి చాపింది. అంత పెద్ద నోరు, ఆ చెయ్యికి తడి తప్ప ఇంకేమీ తగలనీకుండా గుడ్డును తీసుకుంది. తిన్న తరువాత డేను అత్త పక్కకు తిరిగి నిలబడి, మెల్లగా బరువు వేసి ఆమె భుజానికి ఒరిగింది. పీట మీద కూర్చున్న అత్త ఒకవైపుకు వంగిపోయింది. మడిచీర కాకపోయినా అది ఉతికిన చీర. నేను డేను మెడపట్టీ పట్టుకొని లాగబోయాను.

"ఉండనీ," అంది అత్త. "నిలబడుకోని ఉండాది గదా. ఆనుకోనీ."

గోడకు అవతల ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి పోయింది.

డేను ఆ పగలు మా పెరటి గడప మీద పడుకుంది. సాయంత్రం మాంసానికి పక్కింటికి పోయి వచ్చింది, కాళ్ళు కడిగించుకొని మళ్ళీ మా గడప మీదే పడుకుంది. చిన్న జాతి సంగతి మామ మళ్ళీ ఎత్తలేదు. బతికినన్నాళ్ళూ అది రెండిళ్ళలో తిని రెండిళ్ళూ కాసింది. పెద్ద జాతులకు ఆయుష్షు తక్కువ అని డాక్టరు ముందే చెప్పాడు. ఉన్నన్నాళ్ళకే నేను దండం పెట్టుకుంటాను.

తెల్లది ఉడికించిన ఆ పొద్దున మాత్రం వంట బాగా ఆలస్యమైంది. అత్త తలస్నానం చేసి, చీర తడిపి, మళ్ళీ నీళ్ళు పోసుకుంది. ఆకలితో మామ వంటింటి వైపు చూసి అంగడిలోకి పోయాడు. నేను బావి దగ్గర చేద పట్టుకొని నిలబడి ఉంటే, నీళ్ళ చప్పుడులో నుంచి అత్త గొంతు వినిపించింది.

"అంత ఒళ్ళుకు ఒకటి యామూలకు సరిపోతాది? రేపు ఇంకొకటి అడుగు."