హాలండ్‌లో మోకు ముడి

మాది పెగడపల్లిలో కల్లు గీసే ఇల్లు. వానలు లేక తాడిచెట్లు ఎండిపోతే నేను దుబాయి పోయి ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఒక ఎండాకాలం మా యజమానికి హాలండ్ కాలువల్లో తిరగాలని బుద్ధి పుట్టింది. నన్నూ, కోరుట్ల వంటమనిషి రఫీక్ భాయినీ వెంట తీసుకుపోయాడు. అద్దెకు తీసుకున్న పడవకు మా తాత వయసుంటుంది. యజమాని దాన్ని నడపడానికి ముందు నేర్చుకున్నది కెప్టెన్ టోపీ పెట్టుకోవడం ఒక్కటే.

"ఇంకో తప్పు చేస్తే ఇంటికి పంపిస్తా" అని నన్ను ముందే బెదిరించాడు.

ఒకచోట రెండు గేట్ల మధ్య పడవను ఆపి, నీళ్లు వదిలి కిందికి దించుతారు. గట్టు మీది కొక్కేనికి వేసిన తాడును పట్టుకుని మెల్లగా వదలాలట. నేను మోకు ముడి వేసి చేతులు దులుపుకున్నాను. తాడిచెట్టు మీద మా వాళ్ల ప్రాణం ఆ ముడి మీదే ఉంటుంది.

నీళ్లు దిగాయి కానీ పడవ దిగలేదు. ఒక పక్కకు ఒరిగి గోడకు వేలాడింది. టోపీ నీళ్లలో పడింది. కెప్టెన్ గారు పడవ అంచు కడ్డీని కౌగిలించుకుని దేవుణ్ని పిలిచారు.

"ఏంది బై, బర్రెను కట్టేసినవా? జల్ది ఇప్పు" అన్నాడు రఫీక్ భాయి.

"బిగిసింది భాయ్. గిప్పుడు ఊడి వస్తలేదు."

ఆయన ఉల్లిగడ్డల కత్తితో తాడు కోశాడు. పడవ దభీమని నీళ్ల మీద పడింది.

మూడో రోజుకు నేను పెగడపల్లిలో మా ఇంట్లో ఉన్నాను. బాపు అంతా విని, "ముడి జారిందా?" అని అడిగాడు.

"జారలే బాపు, కోసిండ్రు."

"మరి నిన్నెందుకు పంపిండు?"

ఆనాటి నుంచి ఆ యజమానంటే మా ఇంట్లో ఎవరికీ లెక్కలేదు.