బల్లల కింద బోంగ్‌సిక్

బోంగ్‌సిక్ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, బల్ల కింద దూరతాడు.

కొరియాలోని దేగు పట్నంలో పాత సామాన్ల సందులో అతనిది స్పీకర్ల మరమ్మతు కొట్టు. లోపలి తీగల జోలికి పోడు. చెక్కపెట్టె మీద అందానికి అంటించే పల్చని చెక్క పొర, వెనీర్, ఎక్కడ లేచినా, ఎక్కడ ఊడినా అతని దగ్గరికే రావాలి. కొత్త పొర మాత్రం అంటించడు. "ఇప్పుడొచ్చేది సిగరెట్ కాగితం. పాతదానికి పాతదే అతకాలి" అంటాడు. ఆ పాత పొర పాత బల్లల అడుగున దొరుకుతుందనే ఈ వేట.

పక్క కొట్లో పాత గ్రామఫోను రికార్డులమ్మే మల్‌సున్‌కి అతని వల్ల బంధువుల్లో తలెత్తుకునే వీల్లేకుండా పోయింది. పాపం, పిలవకపోతే బాగుండదని మేనల్లుడి పెళ్లికి అతన్ని పిలిచింది. విందు మధ్యలో పెళ్లికూతురి నాయనమ్మ కెవ్వుమంది. బల్లగుడ్డ ఎత్తి చూస్తే, చేతిలో టార్చితో బోంగ్‌సిక్.

"ఏం పోయింది నాయనా?" అందావిడ గుండె పట్టుకుని.

"ఏం పోలేదు పెద్దమ్మా, ఏమైనా దొరుకుతుందేమోనని."

మల్‌సున్ ఆ రోజంతా అతనెవరో తనకు తెలియనట్టే తిరిగింది.

ఒకనాడు సిటీ బస్సు డ్రైవర్ ప్యోన్ ఒక స్పీకర్‌ని దుప్పట్లో చుట్టి, పసిపాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. ఏళ్ల తరబడి ఆశపడి కొన్న అక్రోటు చెక్క జత. మెట్లమీద చెయ్యి జారింది. ఒకదానికి మూల అరచేయంత పొర లేచిపోయింది.

"మా ఆవిడ పుట్టింటికెళ్లింది. పది రోజుల్లో వస్తుంది. అసలు కొనడమే వద్దంది" అన్నాడు ప్యోన్ నీరసంగా.

"ఎన్నో మెట్టు?"

"అదెందుకండీ?"

"ఊరికే. తెలుసుకోవాలనిపించింది."

తొమ్మిదో రోజుకి ఆ మూల ఎక్కడ విరిగిందో ప్యోన్‌కే కనబడలేదు. చెక్క గీతలు పాత పొరలోంచి కొత్త అతుకులోకి వాగులా పారుతున్నాయి.

"ఎక్కడ దొరికిందండీ ఇంత చక్కగా కలిసేది?"

"మలుపులో సూప్ హోటల్ లేదూ? అక్కడ బల్ల కింద. ఊరికే దొరికింది, చెక్కకేం ఇవ్వక్కర్లేదు. జిగురుకి ఇవ్వు చాలు."

ప్యోన్ వంగి వంగి దండాలు పెట్టి వెళ్లిపోయాడు. పక్కనే ఉన్న మల్‌సున్ మాత్రం అలాగే నిలబడిపోయింది. ఆ హోటల్లో ఆమె పదకొండేళ్లుగా మధ్యాహ్నం భోంచేస్తోంది. అక్కడి బల్లలన్నీ స్టీలువి.

ఇక ఆమెకి కుదురు లేదు. మర్నాడు బోంగ్‌సిక్ జిగురు కొనడానికి వెళ్లగానే అతని కొట్టంతా వెతికింది. చెక్కముక్క ఒక్కటీ కనబడలేదు. చివరికి అతని సొంత స్పీకర్లు, నడుమెత్తు ఉన్న అక్రోటు జత, గోడ దగ్గర్నుంచి ముందుకి లాగి చూసింది.

ముందు అద్దంలా మెరిసే ఆ పెట్టెలకి వెనకాల వెనీర్ పొర సగానికి సగం లేదు. పడవ ఆకారంలో ఒకటి, ఆకులా ఒకటి, అరచేయంత ఒకటి, ఎక్కడికక్కడ నున్నగా కోసి తీసిన ఖాళీలు.

"అక్కా, అక్కడేం చేస్తున్నావ్?" గుమ్మంలో బోంగ్‌సిక్.

"నీ దగ్గర నేర్చుకున్న పనే. ఇదేమిటి?"

అతను దొంగతనం బయటపడ్డవాడిలా బుర్ర గోక్కున్నాడు. "ఇస్త్రీపెట్టెతో వేడిచేస్తే జిగురు మెత్తబడి ఊడొస్తుంది. వారం రోజులు మేడ మీద ఎండలో పెడితే రంగు కూడా కలుస్తుంది..."

"ఎలా తీశావని కాదు, ఎందుకు తీశావని!"

"ఎవరి బల్లకింద పొర ఎవరిస్తారక్కా? నిజంగానే వెతుకుతాను, దొరకదు. నా దానిలోంచి తీశానంటే ప్యోన్ పట్టుకెళ్లేవాడా?"

"నీ ప్రాణం కదోయ్ ఇవి!"

"పాట ముందునుంచి వస్తుంది. వెనకవైపు ఎవరు వింటారు?"

ఆ వెనకవైపు ఎవరి కంటా పడకుండా మల్‌సున్ పెట్టెలు రెండింటినీ గోడకి ఆనించేదాకా బలంగా నెట్టింది.

"అయ్యో, అంత దగ్గరగానా? గోడకి ఆనితే మంద్రస్వరం మూలుగుతుందక్కా!"

"మూలగనీ" అంది మల్‌సున్.