బిందె బొమ్మ నొక్కితే నీళ్లు

మా అక్క నర్సు. దేవరకొండ దారిలో ఒక ఊర్లో ఆమెకు ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి నల్గొండలో మా ఇంటికి వచ్చేది. తొంభైల చివర్లో ఒక వానకాలం అట్లా వచ్చి, చేతిసంచీలోంచి నీళ్ల సీసా తీసి నా కంప్యూటర్ పక్కన పెట్టింది.

"సూడు తమ్మీ, ఎంత తేటగున్నయో."

నిజంగానే అద్దంలా ఉన్నాయి. తాగబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. గివే తాగి ఊరంత వంగిపోతాంది."

మా జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్లు గారపడతాయి, కాళ్లు వంకర పోతాయి. పెద్దవాళ్లకు ఎముకలు బిగుసుకుపోయి మెడ తిరగదు, నడుము లేవదు. ఇది నేను చిన్నప్పటి నుంచి వింటున్న సంగతే. వినీ వినీ అలవాటైపోయింది. అక్క మాత్రం రోజూ ఆ కాళ్లకే కట్లు కట్టేది, ఆ నడుములకే మందు రాసేది. ఆమెకు అలవాటు కాలేదు.

"మందులతోటి అయ్యేది కాదిది. మంచినీళ్లు కావాలె. ట్యాంకరు తెప్పియ్యాలంటే కిరాయి ఎవ్వలిస్తరు?" అన్నది.

అప్పటికి నేను ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఎనభైల్లో మా నాయన పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్ గది అది. టైపు మిషన్లు మూలకు చేరాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఫోన్ తీగకు తగిలించిన మోడెమ్ కీచుమని కూసి, బరబరమని గొంతు సవరించుకుని, ఎప్పటికో లైను కలిసేది. కలిసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది. నల్గొండలో ఒక ఇరుకు గదిలో కూర్చున్నవాడికి ప్రపంచం తలుపు తీయడమేమిటని.

ఆ మధ్యే ఒక విదేశీ వెబ్‌సైట్ చూశాను. అందులో ఒక బొమ్మ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీలో కంపెనీల ప్రకటనలుంటాయి. ఎంతమంది చూశారో లెక్కగట్టి, ఆ కంపెనీలు ఆకలిగొన్నవాళ్లకు తిండి ఖర్చు ఇస్తాయి. నొక్కినవాళ్లకు పైసా ఖర్చు లేదు. మొదట మోసమేమో అనుకున్నాను. ఆలోచించే కొద్దీ ఇందులో ఎవరికీ నష్టం లేదని తెలిసింది. ఆ సంగతే అక్కకు చెప్పాను. మనమూ ఒక పేజీ పెడదాం, ఒకరు నొక్కితే ఒక బిందెడు నీళ్లు అని.

అక్క చాలాసేపు తెర వైపే చూసింది.

"పైసలు కంపెనోళ్లిస్తరు. సరే. నొక్కినోళ్లకేమొస్తది?"

"ఏం రాదక్కా."

"మరి ఎందుకు నొక్కుతరు?"

ఏమో, చేసి చూద్దామన్నాను.

పేజీ తయారు చేయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. వంకర కాళ్ల పిల్లల ఫోటో పైన పెడితే చూసినవాళ్ల మనసు కరుగుతుందని నా ఆలోచన. అక్క ఒప్పుకోలేదు.

"కాళ్లు సూపెట్టి అడుక్కునుడు వద్దు. ఆ పోరగాండ్లు రేపు పెద్దగై గా ఫోటో సూస్తే ఏమనుకుంటరు? బిందె బొమ్మ పెట్టు."

మౌసుతో బిందె గీశాను. ఒక పక్కకు ఒరిగినట్టు వచ్చింది. ఎంత దిద్దినా అంతే. అట్లాగే ఉంచాను.

ప్రకటనల కోసం హైదరాబాద్ వెళ్లి ఆఫీసుల చుట్టూ తిరిగాను. చాలామంది కూర్చోమనలేదు కూడా. నల్గొండ నుంచి వెబ్‌సైటేమిటని ఒకాయన నవ్వాడు. చివరికి కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వాళ్లు ఒప్పుకున్నారు. ఇంకొకాయన చాయ్‌పత్తా వ్యాపారి. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"నీళ్లు మంచిగ లేకుంటే నా చాయ్ ఎట్ల మంచిగుంటది? రాస్కో నా పేరు," అన్నాడు.

పేజీ తెరిచిన కొత్తలో నొక్కింది నేనూ, అక్కా, నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునేవాళ్లూ. ఎంతమంది నొక్కారో చూపించే అంకె పేజీ కింద ఉండేది. అది కదిలేది కాదు. తెలిసిన చిరునామాలన్నిటికీ ఈమెయిల్ పంపాను. వాటిలో సగం చేరకుండానే తిరిగొచ్చాయి.

ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తి, లైను కలిపి, పేజీ తెరిచాను. అంకె మారిపోయి ఉంది. తప్పు చూశాననుకుని మళ్లీ తెరిచాను. ఇంకా పెరిగింది. నేను నొక్కలేదు, అక్క తన ఊర్లో ఉంది, నేర్చుకునేవాళ్లు ఇంకా రాలేదు. నా కళ్ల ముందే ఎవరో నొక్కుతున్నారు.

ఇన్‌బాక్స్‌లో ఒక మెయిల్ ఉంది. జాంబియాలో పిల్లలకు లెక్కలు చెప్పే ఒక తెలుగు టీచరమ్మ రాసింది. ఎవరో పంపితే మా పేజీ చూశానని, వేరే దేశాల నుంచి వచ్చిన తోటి టీచర్లందరికీ చెప్పానని, వాళ్లు వాళ్ల దేశాల్లోని స్నేహితులకు చెప్పారని. ఆ వెనకే ఇంకెవరెవరివో మెయిళ్లు రావడం మొదలైంది. కెన్యా, మలేషియా, పోలెండ్. పోలెండ్ ఎక్కడుందో నాకు సరిగ్గా తెలియదు. బజారుకు వెళ్లి ప్రపంచ పటం కొనుక్కొచ్చి గోడకు కొట్టాను. ఏ ఊరి నుంచి మెయిల్ వస్తే ఆ ఊరి మీద వేలు పెట్టి చూసేవాణ్ని. నల్గొండ ఆ పటంలో లేనే లేదు. పటంలో కూడా లేని చోట బిందె పెడితే ఇంతమంది వచ్చి నీళ్లు పోస్తున్నారు.

ప్రకటనల డబ్బు చేతికి రాగానే అక్క ట్యాంకరు మాట్లాడింది. సాగర్ కాలువ నీళ్లు శుభ్రం చేసే చోటు నుంచి అది రావాలి. మొదటిసారి వచ్చిన రోజు నేనూ ఆ ఊరు వెళ్లాను. ట్యాంకరు బడి ముందు ఆగింది. ఆడవాళ్లు బిందెలతో వచ్చారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. దీని వెనక ఏ ఎలక్షన్ ఉందోనని చూస్తున్నారు.

ఒక అవ్వ వచ్చింది. నడుము పూర్తిగా వంగిపోయి ఉంది. ఎవరినైనా చూడాలంటే తల పక్కకు తిప్పి, ఓరగా పైకి చూడాల్సిందే. అట్లాగే నా ముఖంలోకి చూసింది.

"ఎవ్వలు పంపిండ్రు బిడ్డా?"

"దూరం దేశాలోళ్లు అవ్వా. మనకు తెల్వదు."

"మనోళ్లు ఎవ్వలన్న ఉన్నరా అండ్ల?"

"ఒక్కరో ఇద్దరో తెలుగోళ్లు. మిగిలినోళ్ల భాష సుత మనకు రాదు."

"ఓట్లకొస్తరా?"

"రారు."

"మరి మనకేమైతరు?"

"ఏం గారవ్వా."

అక్క గ్లాసులో పట్టి ఇచ్చిన నీళ్లు అవ్వ రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగింది. తాగి, ఖాళీ గ్లాసులోకి చూసింది.

"నీళ్లంటే గిట్లుంటయా?" అన్నది.

అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తరువాతే మిగతా బిందెలు కదిలాయి.

తర్వాత తర్వాత ట్యాంకరు రావడం ఊరికి మామూలైంది. మెయిళ్లు వచ్చిన దేశాల పేర్లు నేను ఫోన్‌లో అక్కకు చెప్పేవాణ్ని. అక్క బడి ముందు నిలబడి ఊరివాళ్లకు చెప్పేది. "ఇయ్యాల ఏ దేశం నీళ్లు సిస్టరమ్మా?" అని ఆడవాళ్లు అడిగేవారట. మలేషియా అంటే ఒకామె, "మొన్నటియి గీటికంటె సల్లగుండె," అన్నదని చెప్పి అక్క పగలబడి నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం సెంటర్ ముందు ఆటో ఆగింది. గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ దిగారు.

"ఇక్కడేనా అండీ, నీళ్ల పేజీ నడిపేది?"

ఆమె ఎవరో చెప్పకముందే నాకు అర్థమైంది. సెలవులకు సొంతూరు గుంటూరు వచ్చి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడ మీది పటం దగ్గరికి వెళ్లి జాంబియా వెతుక్కుని నవ్వారు.

"మా బడి మొత్తానికి ఒక్కటే కంప్యూటరండీ. క్లాసుకి వెళ్ళేముందు నొక్కేసి వెళ్ళేదాన్ని. నా తర్వాత పిల్లలు వరసలో నిలబడేవాళ్ళు."

నేను ఆమెను బస్సులో ఊరికి తీసుకెళ్లాను. జాంబియా టీచరమ్మ వచ్చిందని అక్క చెప్పగానే ఆడవాళ్లంతా బడి ముందు చేరారు. చేరారు గానీ ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డారు.

అవ్వ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూపుడువేలు దగ్గర ఆగింది.

"గీ వేలుతోటేనా బిడ్డా?"

టీచరమ్మ తల ఊపారు. అవ్వకు తల ఎత్తడం కుదరదు కాబట్టి ఆ ఊపు కనిపించలేదు. అక్క వంగి, "ఔనవ్వా, గా వేలే," అని చెప్పింది. అవ్వ ఆ వేలును తన కళ్లకు అద్దుకుంది.

రోజూ నేను చూసిన అంకె వెనక ఇట్లాంటి వేళ్లు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

కోచింగ్ సెంటర్ వాళ్లు ఆ తర్వాత ప్రకటన మానుకున్నారు. చాయ్‌పత్తా ఆయన మానుకోలేదు. తన దోస్తులైన ఒక బిస్కెట్ల వ్యాపారినీ, ఒక చీరల దుకాణం యజమానినీ బతిమాలి తెచ్చాడు. ఒక్కోసారి ట్యాంకరు ఆలస్యమయ్యేది, ఎప్పుడో ఒకసారి రాకుండా పోయేది. అట్లా నడిచింది, ఆ ఊరికి పైపుల్లో నది నీళ్లు వచ్చేదాకా.

నల్లాలు తిప్పిన రోజు అక్క ఫోన్ చేసింది. నేను కూర్చుని, నాకు మెయిల్ రాసినవాళ్లందరికీ జవాబు రాశాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఊరికి నీళ్లొచ్చాయి, ఇక నొక్కనక్కరలేదు, మీకు మా దండాలు అని మాత్రం రాయగలిగాను.

వాళ్ల జవాబులు ఒకటి వెంట ఒకటి వచ్చాయి. చాలా వాటిలో సంతోషమని ఒక్క ముక్కే ఉంది. పోలెండ్ నుంచి వచ్చినదాంట్లో ఒక ప్రశ్న ఉంది. చుట్టుపక్కల ఊళ్ల సంగతేమిటని. అక్కకు మళ్లీ ఫోన్ చేసి చదివి వినిపించాను.

"పక్కూరి సిస్టరు నాకు తెలుసు. రేపు పోయి మాట్లాడొస్త," అన్నది అక్క.