ఉలిపెట్టె కోసం వెతికిన ప్రోగ్రాము

నంద్యాలలో మేం చదువుకున్న కాలేజీలో ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు అంటే కొనుక్కొచ్చుకునే వస్తువు. బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రాము, అట్ట వేసిన రికార్డు, అడగబోయే ప్రశ్నలకు జవాబులు అన్నీ ఒకేచోట దొరికేవి. మా క్లాసులో దాదాపు అందరూ అక్కడే కొన్నారు. నేను కొనలేదు. డబ్బు లేక కాదు, ఒళ్ళు మండి. ఇన్నేళ్ళు చదివింది ఎందుకూ వాడకుండా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

మాది ఆళ్లగడ్డ. మా నాయన దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. ఉలి పట్టే ముందు రాయి ఎత్తును తాళాలుగా భాగించి, ముఖం ఎక్కడిదాకా, నాభి ఎక్కడ, మోకాలు ఎక్కడ అని గీతలు గీసుకోవాలి. తాళం అంటే విగ్రహం ముఖమంత కొలత. ఎత్తు చెబితే చాలు, ఆ గీతలన్నీ గీసి కాగితం మీద ప్రింటు ఇచ్చే ప్రోగ్రాము ఇంట్లో కంప్యూటర్ మీద రాశాను. బొమ్మ గీసే పనికి, ఎవరో తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ అనే ఫైళ్ళ కట్టను వాడుకున్నాను. నాయన ఆ గీతలను నమ్మడానికి కొన్నాళ్ళు పట్టింది. నమ్మాక అమ్మే ఆయనకు ప్రింట్లు తీసిచ్చేది.

పరీక్ష రోజు వేరే కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. ల్యాబులో నా ప్రోగ్రాము తెరిచాను. గీతలకు బదులు ఎర్రక్షరాలు వచ్చాయి. ఫ్రేమ్‌వర్క్ లోడ్ కాలేదట. మూసి మళ్ళీ తెరిచాను, అదే. కంప్యూటర్ మార్చాను, అదే.

“ఇదెలా పనిచేస్తుందో నీకే తెలిసినట్టు లేదమ్మా. కొన్నవి ఇలాగే ఉంటాయి,” అన్నారాయన.

పొద్దుటి నుంచి కొన్నవన్నీ చక్కగా నడిచాయి. వాటిని ఆయనే మెచ్చుకున్నారు. కొన్నవాళ్ళు నా వెనకే, దొంగకు తేలు కుట్టినట్టు కిమ్మనకుండా కూర్చున్నారు. మా హెడ్ సార్ నన్ను పక్కకు పిలిచారు. చెడ్డమనిషి కాదు, గొడవంటే భయం.

“ఎందుకమ్మా ఈ రచ్చ? వాళ్ళదాంట్లో ఒకటి తీస్కోని చూపిచ్చు. పాసైతావు. నేను మాట్లాడతా.”

“చూపీను సార్. నాది నేనే చేసినా.”

“చేసింటే పనిచెయ్యాల గదా?”

“చేస్తాది. ఈడ ఎందుకు చెయ్యలేదో మీరంతా చూస్తాండంగానే కనుక్కుంటా.”

నా గొంతు లేచింది. తగ్గించలేదు. ఎగ్జామినర్ వాచీ చూసుకుని, తాను భోజనం చేసి వచ్చేలోగా నడిస్తే సరి, లేకపోతే ఫెయిలే అని చెప్పి వెళ్ళిపోయారు.

అప్పుడు కూర్చుని ఆ ఎర్రక్షరాలను పూర్తిగా చదివాను. కోపంలో అంతవరకూ మొదటి వరుసే చదివాను. కింద, ఫ్రేమ్‌వర్క్ కోసం ఎక్కడ వెతికిందో కూడా రాసి ఉంది. డి డ్రైవ్, అందులో నాయన అనే ఫోల్డరు, దాంట్లో ఉలిపెట్టె అనే ఫోల్డరు. ఇంట్లో నేనే ఆ పేర్లు పెట్టి, అక్కడ వెతకమని ప్రోగ్రాముకు చెప్పాను. పెన్‌డ్రైవ్‌లో మాత్రం ప్రోగ్రాము ఒక్కటే వేసుకొచ్చాను. నాయన యాగంటికి పనికి పోతూ ఉలిపెట్టె ఇంట్లో మరిచిపోతే ఎట్లుంటుందో అట్లా ఉంది నా సంగతి.

అమ్మకు ఫోన్ చేశాను.

“ఏందీ, ఈ పొద్దు పరీక్ష గదా? మీ నాయనకు కాగితం తీస్తాండా, బేగా చెప్పు.”

“అమ్మా, ఉలిపెట్టె ఫోల్డరు మొత్తం నెట్‌లో నా డ్రైవ్‌లోకి ఎక్కించు, ఈడ దించుకుంటా.”

“యాడుండాది అది? ఆ, కనపడె. ఎక్కిస్తాండా.”

ప్రోగ్రాముకు ఇంకో కాపీ తీసి, ఆ ఫోల్డరును దాని పక్కనే పెట్టి, నీ పక్కనే వెతుక్కో అని ఆ కాపీలో ఒక వరుస మార్చాను. అప్పుడూ తెరుచుకోలేదు. ఫ్రేమ్‌వర్క్‌కు తోడుగా ఇంకో ఫైలు కావాలట. మళ్ళీ అమ్మకు ఫోన్ చేస్తే, ఒకేసారి అన్నీ అడగరాదా అని తిట్టి పంపింది. ఈసారి గీతలు వచ్చాయి.

ఎగ్జామినర్ తిరిగి వచ్చేసరికి నేను ఆ గీతలు మూసేసి ఉంచాను. పాత ప్రోగ్రామునే తెరిచి, ఆ తప్పునే ఆయన ముందు పెట్టాను.

“ఇది చదవండి సార్. ఇది మా నాయన ఫోల్డరు. ఆళ్లగడ్డలో మా ఇంట్లో ఉండాది. నేను బస్టాండు కాడ కొనింటే, ఇది మా ఇంట్లో ఎందుకు వెతుకుతాది?”

ఆయన ఆ వరుసను రెండుసార్లు చదివారు. అప్పుడు సరిచేసింది తెరిచాను. ఆయన అడిగిన ఎత్తు వేశాను. ముఖం నుంచి పాదం దాకా గీతలన్నీ పడ్డాయి.

పాసయ్యాను. కానీ మొదటిసారి తెరుచుకోలేదని, కొన్నవాళ్ళకంటే తక్కువ మార్కులు వేశారు. వాదించాను, మారలేదు. ఆ మార్కులు చూసి నేనెప్పుడూ తల దించుకోలేదు.

ఇప్పుడు నంద్యాలలోనే అంగళ్ళకు ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. కావలసినవన్నీ వాటి పక్కనే పెట్టి ఇస్తాను. అక్కడ దొరక్కపోతే ఆఖరున డి డ్రైవ్‌లో నాయన, ఉలిపెట్టె అని వెతికే వరుస ఒకటి ప్రతి ప్రోగ్రాములోనూ ఉంచుతాను. లోపల చూసినవాళ్ళు ఇది దండగ, తీసెయ్యి అంటారు.

తీయను.