వెనక గది బాగుపడింది

దీవి మీది ఆ ఇంటికి వేసవిలో నెలరోజులే మనుషులు యజమానులు. మిగతా ఏడాదంతా ఎలుకలదే రాజ్యం. ఎలుకల నుంచి ఇల్లు లాక్కుని మనుషుల చేతిలో పెట్టే పని మా కత్తెర వదినది. నేను ఒడ్డున, పడవలు ఆగేచోట టీకొట్టు నడుపుతాను. వదిన నాకు వరసకి ఏమీ కాదు. పక్కపక్క గదుల్లో అద్దెకుంటూ అలా పిలవడం అలవాటైంది. కుట్టుపని చేసే మనిషి కాబట్టి మెడలో ఎప్పుడూ తాడు కట్టిన కత్తెర వేలాడేది. పేరుకే కత్తెర గానీ, మాటతో ఒక్కరినీ నొప్పించిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చడానికే కాబోలు దేవుడు నాకీ నోరిచ్చాడు.

ఆ ఇల్లు వదిన మామగారు కట్టించింది. రాతి గోడలు, పెంకుల కప్పు, ముందు వరండా, రెండు గదులు, వంటగది, వెనక ఒక సామాన్ల గది. కరెంటు లేదు, నీళ్ళు బావిలోంచి తోడుకోవాలి. ఆయన పోయాక ఇల్లు ఇద్దరు కొడుకులకి మిగిలింది. పెద్దకొడుకు నగరంలో పెద్ద ఉద్యోగస్తుడు. చిన్నకొడుకు వదిన భర్త, పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అన్న కుటుంబం వేసవికి వచ్చేముందు వెళ్ళి ఇల్లు సిద్ధం చేయడం ఆయన వంతుగా ఉండేది. జబ్బుచేసి ఆయన పోయాడు గానీ పని పోలేదు. అది వదిన నెత్తిన పడింది.

ఆ ఏడాది వదినకి అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. కుట్టు దుకాణం యజమాని ఇక రానక్కర్లేదన్నాడు. మేముండే గదులు పడగొట్టి కొత్తగా కడతామని, వేసవి అయ్యేలోగా ఖాళీ చేయమని ఇంటి ఓనరు చెప్పాడు. నేను చెల్లెలింటికి పోతాను. వదినకి పోవడానికి చోటు లేదు. పిల్లలు లేరు, పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. దీవి మీది ఆ వెనక గదిలో బతుకు వెళ్ళదీద్దామని ఆశపడింది. బావగారికి ఫోన్ చేసి భయంభయంగా అడిగింది.

"ఆ చెత్త గదిలో ఎవరుంటారమ్మా?" అని ఆయన నవ్వాడు. "సరేలే, వేసవికి వస్తాంగా. కూర్చుని మాట్లాడుకుందాం."

వదిన ఆ మాటనే గట్టిగా పట్టుకుంది.

"అడగడమేంటి వదినా? న్యాయంగా ఇంట్లో సగం నీది," అన్నాను.

"ఒంటరి మనిషిని, నాకు సగమెందుకు? ఒక్క గది చాలదూ?"

పడవలో సున్నం, కుంచెలు, నూనె డబ్బా వేసుకుని ఇద్దరం వెళ్ళాం. మొదట కిటికీలకి బిగించిన చెక్కలు ఊడదీశాం. లోపల ఏడాది పాటు మూసిన గాలి ముక్కుపుటాలు అదరగొట్టింది. ఎలుకలు కొరక్కుండా పరుపుల్ని కప్పు వాసాలకి ఇనపతీగలతో వేలాడదీయడం ఆ ఇంటి ఆనవాయితీ. వాటిని దించి ఎండలో పరిచి కర్రలతో బాదాం. పొగగొట్టంలో పిట్టగూడు, బావిలో కుళ్ళిన ఆకులు, గడియల నిండా తుప్పు. లాంతరు గాజుల్ని వదిన బూడిదతో తోమి, వెలుతురులో పట్టి చూసి, నచ్చక మళ్ళీ తోమింది. నాకు ఒళ్ళు మండింది.

"వాళ్ళు వచ్చేది గాలి మార్పుకి వదినా, లాంతరు పరీక్ష పెట్టడానికి కాదు."

"పని అన్నాక పనిలా ఉండాలి," అంది.

ముందు గదులు అయ్యాక వెనక గది తలుపు తీసింది. విరిగిన కుర్చీలు, చిల్లుల బకెట్లు, ఎండిపోయిన రంగు డబ్బాలు, చిక్కుపడ్డ వలలు. అవన్నీ మోసుకెళ్ళి గట్టున ఉన్న పడవల పాకలో పడేశాం. పగిలిన పెంకులు తానే ఎక్కి మార్చింది. గోడలకి సున్నం వేసింది. బిగుసుకుపోయిన కిటికీ రెక్కని సుత్తితో కొట్టి, నూనె పోసి, తెరిచింది. తీరా చూస్తే ఆ ఇంట్లో నీళ్ళమీది గాలి తిన్నగా వచ్చే కిటికీ అదొక్కటే. ఇన్నేళ్ళూ కుర్చీల వెనక ఎవరికీ కనపడలేదు. దుకాణంలో మిగిలిన ముక్కలతో తెర కుట్టింది. ఏ అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. చూపు మందగించిన మనిషి కుట్టిన తెర అది.

నాకు భయం వేసింది. "మొదట అడుగు, గది ఇచ్చాక బాగుచేసుకో," అన్నాను. "ఇంత సోకు ఇప్పుడే ఎందుకు?"

"చెత్తకుప్ప చూపించి ఇమ్మంటే ఆయనకి ఏమనిపిస్తుంది? పాపం, దీన్ని ఇందులో ఎలా ఉంచుతాం అనిపిస్తుంది. శుభ్రంగా ఉంటే ఇవ్వడానికి ఆయనకీ మనసొప్పుతుంది. కుట్టిన బట్టని దారాలు తెంపకుండా, ఇస్త్రీ చేయకుండా నేనెప్పుడైనా ఎవరి చేతికైనా ఇచ్చానా?"

జీవితమంతా అలాగే బతికిన మనిషి. తన ట్రంకుపెట్టె కూడా తెచ్చి ఆ గదిలో మంచం కింద పెట్టుకుంది.

వాళ్ళు పొద్దున పడవలో దిగారు. బావగారు, ఆయన భార్య, కొత్తగా పెళ్ళైన కూతురు, అల్లుడు. తోడికోడలు వస్తూనే బల్లమీద వేలితో గీసి చూసింది. దుమ్ము అంటలేదు. ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. వదిన అందరికీ టీ పోస్తుండగా కూతురు ఇల్లంతా తిరుగుతూ వెనక గది తలుపు తోసింది.

"అమ్మా, ఇలా రా! ఇక్కడింత మంచి గది ఉందని ఎవరూ చెప్పలేదేం?"

అల్లుడు వెళ్ళి మంచంమీద కూర్చుని కిటికీలోంచి నీళ్ళని చూశాడు. ఇక లేవలేదు.

"పిన్నీ! ఎంత బాగా చేశావో!" అంటూ ఆ పిల్ల వచ్చి వదినని వాటేసుకుంది. "మా కోసమే కదూ?"

వదిన చేతిలో కెటిల్ ఉంది. నావైపు చూసింది. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు తల ఊపింది.

"మీ కోసమేనమ్మా," అంది. వెళ్ళి మంచం కిందనుంచి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి వంటగదిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో బావగారి ముందు నిలబడి అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నేను నాలుగు దులిపేసి హాయిగా ఉండేదాన్ని.

"అయ్యో, ఇప్పుడు పిల్లలు ఆ గదిమీద మనసుపడ్డారమ్మా," అన్నాడు. "ఏటా వస్తామంటున్నారు."

"వాళ్ళున్నన్నాళ్ళూ వంటగదిలో పడుకుంటాను బావగారూ. మిగతా రోజులు ఖాళీయే కదా."

తోడికోడలు అందుకుంది. "ఏడాదంతా ఒకరు వాడిన మంచంమీద అల్లుణ్ణి పడుకోమంటామా? ఏం బాగుంటుంది చెప్పు."

"ఇల్లు ఆవిడది కూడా కదండీ," అన్నాను ఉండబట్టలేక.

"నువ్వెవరమ్మా మధ్యలో?" అంది ఆవిడ. వదిన నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ పట్టులో బతిమాలుకోవడం తప్ప మరేమీ లేదు. నోరు మూసుకున్నాను. అంత అవమానం నా జన్మలో పడలేదు, అదీ నాది కూడా కాని అవమానం.

బావగారు తెగ ఆలోచించి చెప్పాడు. "పడవల పాక ఉందిగా! అది నువ్వే ఉంచుకో. నీ చేతిలో ఏదో మహత్తు ఉందమ్మా. ఈ చెత్త గదినే ఇలా మార్చావంటే దాన్ని ఇంకెంత బాగా చేసుకుంటావో!"

మెచ్చుకుంటూ ఆడిన మాటే అది. ఆ గది సున్నం లేకుండా, పెంకులు పగిలి, వలలతో నిండి ఉంటే ఆయన నవ్వుతూ తాళంచెవి చేతికిచ్చేవాడు. ఎవరికీ అక్కర్లేని దాన్ని అందరికీ కావలసిందిగా చేసి పోగొట్టుకుంది మా వదిన.

"సరే బావగారూ," అంది.

వేసవి అయ్యాక పాకలోకి చేరింది. చలికాలంలో ఓసారి వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాను. నేల చదును చేసింది. గోడకి కంతకోసి కిటికీ పెట్టింది. తెల్లటి సున్నం, ఓ మూల పొయ్యి, తలుపుకి తెర. వెచ్చగా, ముచ్చటగా ఉంది. నాకు టీ ఇచ్చి, "బాగుందా?" అని చిన్నపిల్లలా అడిగింది. చాలా బాగుందన్నాను. ఆ రోజు నా మనసు కాస్త కుదుటపడింది.

మళ్ళీ వేసవి వచ్చింది. సాయం చేద్దామని వెళ్ళేసరికి ఇల్లు అప్పటికే తళతళలాడుతోంది. పరుపులు ఎండలో ఉన్నాయి. వెనక గదిలో అల్లుడి కోసం కొత్త తెర వేలాడుతోంది. వదిన మాత్రం కనపడలేదు. వెతుక్కుంటూ పాకకి వెళ్ళాను.

స్టూలెక్కి లాంతరు పొగని గోడకి పట్టిస్తోంది. తెల్లటి సున్నంమీద మసి చారలు కారుతున్నాయి. కిటికీకి లోపలినుంచి చెక్క కొట్టేసింది. మంచంమీద వలలు గుట్టపోసింది. ఇంజన్ నూనెలో ముంచిన గుడ్డ గుమ్మంలో పడేసింది. ఆ కంపు బయటిదాకా కొడుతోంది.

"ఏం పని వదినా ఇది? పిచ్చెక్కిందా నీకు?"

"చుట్టాలొస్తున్నారుగా," అంది లాంతరు ఇంకో మూలకి జరుపుతూ. "ఇల్లు సిద్ధం చేస్తున్నా."

నాకు ఏడుపొచ్చింది. అలాగే నిలబడి స్టూలు పట్టుకున్నాను.

మర్నాడు పడవ వచ్చింది. తోడికోడలు పాక ముందు ఆగి, తలుపు తోసి, ముక్కు మూసుకుంది. కూతురు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

"ఇందులో ఎలా ఉంటున్నావే తల్లీ?" అంది తోడికోడలు.

"అలవాటైపోయింది అక్కా," అంది వదిన. తలుపు దగ్గరగా వేసి, వాళ్ళ సూట్‌కేసులు రెండు చేతులా అందుకుని, ఇంటివైపు ముందు నడిచింది.