భోజనశాలలో మేనత్త

మా ఆళ్లగడ్డ మేనత్త ఏ ఊరికి వెళ్లినా ముందు కూర్చుని తినే చోటు వెతికేది. విశాఖ సముద్రం చూడటానికి నంద్యాల నుంచి మేమూ ఆమెతో వెళ్లాం. ఒకరోజు కొండమీది బౌద్ధ శిథిలాలు చూస్తుంటే, మొండిగోడల మధ్య ‘భిక్షువుల భోజనశాల’ అన్న బోర్డు కనబడింది. అత్త అక్కడే చతికిలబడి జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి ఉన్న మూట విప్పింది.

కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. “ఇక్కడ తినకూడదమ్మా! ఫైన్ వేస్తారు.”

“తినే జాగా అని బోర్డు పెట్టి, తినొద్దంటే ఎట్లప్పా?”

“ఎప్పుడో బౌద్ధ భిక్షువులు తిన్న చోటమ్మా!”

“అప్పుడు వాండ్లు తిన్యారు, ఇప్పుడు మేం తింటాండాం. వాండ్లేమన్నా అనుకుంటారా?”

నాయన బతిమాలి అత్తను గేటు బయటికి తీసుకెళ్లాడు. అక్కడ కూర్చుని మళ్లీ మూట విప్పాం. కాపలాదారు అక్కడికీ వచ్చేసరికి ఫైన్ తప్పదనుకున్నాం. అతను టోపీ తీసి మా పక్కన కూర్చున్నాడు.

“ఆ పొడి వాసనకు ఆగలేకపోతున్నానమ్మా. ఒక రొట్టె పెట్టండి.”